చిక్కుడు కొత్తకు తేదీ అడిగాను

కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు కొందరు ఆ మధ్య మా ఇంటికి వచ్చారు. ప్రాథమిక పాఠశాల పిల్లలను యాత్రకు తీసుకుపోవాలట. మన ప్రాంతపు సంస్కృతి, ప్రకృతి, పాత కట్టడాలు చూపించాలట. "సార్, మీరు చానా యాత్రలు చేయించిండ్రు గద, ఏమేం చూసుకోవాలో రాసియ్యండి" అన్నారు. రాస్తున్నాను. చూసుకోవలసినవి కొన్నే ఉన్నాయి, ముందు అవి చెప్పేస్తాను. ఆ తర్వాత రాసేది వాళ్ళు అడగలేదు. కానీ ఈ ఉద్యోగం గురించి నాకు నిజంగా తెలిసింది అదే.

బస్సు, ఇటుకలు, గోదావరి

పిల్లలను మీరు లెక్కపెట్టుకుంటూ తిరగకండి, జోడీలు కట్టండి. లెక్కలో ఉపాధ్యాయుడు తప్పుతాడు. జోడీ తప్పదు. "సార్, మావోడు లేడు" అని బస్సు కదలకముందే అరుస్తుంది. వాంతి చేసుకునే పిల్ల ఎవరో ఇంటివాళ్ళను ముందురోజే అడిగి తెలుసుకోండి. ఆ పిల్లను ముందు సీట్లో కూర్చోబెట్టి చేతికి నిమ్మకాయ ఇవ్వండి. తిరిగొచ్చిన మర్నాడు వ్యాసం రాయమనకండి. వ్యాసం రాయాలని తెలిసిన పిల్ల దేన్నీ చూడదు, మీరు చెప్పేది గుర్తుపెట్టుకుంటుంది.

నేలకొండపల్లి బౌద్ధ స్తూపం దగ్గర నేను చాలాసార్లు ఉపన్యాసం ఇచ్చాను. ఒకసారి మూడో తరగతి పిల్ల మధ్యలో లేచి, "గిన్ని ఇటుకలు ఎవరు మోసిండ్రు సార్?" అని అడిగింది. "తర్వాత చెప్తా" అని ముందుకు నడిపించాను. ఆ రోజు అక్కడ పుట్టిన మంచి ప్రశ్న అదొక్కటే. భద్రాచలం తీసుకుపోయినప్పుడు గుడి గురించి ఎంత చెప్పినా, పిల్లలు ఇంటికి పోయి చెప్పింది వంతెన మీంచి కనిపించిన గోదావరి గురించి. అందులో తప్పేమీ లేదు. వాళ్ళ కళ్ళు వాళ్ళవి.

ఇంత మాత్రం తెలిస్తే యాత్ర నడుస్తుంది. ఇక నేను నడపలేకపోయిన యాత్ర గురించి చెబుతాను.

పళ్ళెం అంచున పెట్టిన కాయలు

నేను పెనుబల్లి వైపు మనిషిని. ఉద్యోగం మాత్రం ఎక్కువ కాలం జూలూరుపాడు దాటి అడవి మొదలయ్యే వైపు చేశాను. ఈ బడి ఉన్న ఊరి పేరు రాయను. పిల్లల్లో కొందరు పత్తి, మిర్చి వేసే రైతుల ఇళ్ళ నుంచి వచ్చేవారు, కొందరు మాలాగా చర్చికి పోయే కుటుంబాలవారు. మిగిలినవారు వాగు అవతలి గుంపు నుంచి నడిచివచ్చే కోయ పిల్లలు. కోయల చిన్న పల్లెను మా వైపు గుంపు అంటారు. నేను ప్రధానోపాధ్యాయుణ్ణి, ఐదో తరగతి కూడా నాదే. చిన్న తరగతులు సుజాత టీచర్ చూసేవారు.

చలికాలం మొదలైంది. ఒకరోజు మధ్యాహ్న భోజనంలో చిక్కుడుకాయ టమాటా కూర వండారు. గుంపు పిల్లలు కాయలన్నీ ఏరి పళ్ళెం అంచున పెట్టి, ఉత్త పులుసు కూడా కలుపుకోకుండా తెల్లన్నం తింటున్నారు. ప్రవీణ్ అని మాటకారి పిల్లవాడు ఒకడుండేవాడు. "అడవిల ఆకులన్నీ తింటరు, చిక్కుడుకాయ మాత్రం పనికిరాదంట వీళ్ళకు" అన్నాడు. వరుసంతా నవ్వింది.

నేను కన్నమ్మ దగ్గర కూర్చున్నాను. ఐదో తరగతి పిల్ల. గుంపు పిల్లలందరి తరఫునా మాట్లాడేది ఆమే.

"ఏందమ్మా, కూర బాగలేదా?"

"బాగనే ఉండొచ్చు సార్. మా దాంట్ల ఇంక చిక్కుడు కొత్త చేయలే. చేసినంకనే తింటం."

చిక్కుళ్ళు పండాక గుంపంతా ఒకచోట చేరి, ముందు తమ దేవతకు, పోయిన పెద్దలకు పెట్టి, తర్వాత అందరూ కలిసి తింటారట. అప్పటిదాకా ఎవరూ నోట పెట్టరట. దాన్నే కొత్త చేయడం అంటారట.

"మరి సార్ పెడితే తినరా?" అన్నాడు ప్రవీణ్.

"దేవుడు పెట్టినా తినం" అంది కన్నమ్మ.

నాకు మా అమ్మ గుర్తుకొచ్చింది. మా పెరట్లో తొలి సొరకాయ ఎప్పుడూ చర్చిలో కోతకాలపు పండుగకే పోయేది. మేం ఏడ్చినా కోసేది కాదు. ఆ మాట పిల్లలకు చెప్పి, ప్రవీణ్‌ను అడిగాను. "మీ ఇంట్ల కొత్త బియ్యం వండితే ముందు ఎవరికి పెడతరు?"

"దేవునికి సార్."

"మరి?"

వాడు తన పళ్ళెంలోకి చూశాడు. "గది అన్నం సార్. గిది చిక్కుడు."

ఈసారి గుంపు పిల్లలు కూడా నవ్వారు. కన్నమ్మ మాత్రం నవ్వలేదు. "మా గుంపుకు రమ్మను సార్ ఈళ్ళను. సూస్తే తెలుస్తది" అంది. కోయవాళ్ళు ఎంతటివారినైనా నువ్వు అనే అంటారు. అందులో అమర్యాద ఉండదు, కొత్తవాళ్ళు నొచ్చుకోకండి.

ఆ సంవత్సరం యాత్ర గుంపుకే అని అక్కడే చెప్పేశాను. ప్రవీణ్ ముఖం చిన్నబోయింది. "బస్సెక్కకుంటే ట్రిప్పెట్లయితది సార్?" అన్నాడు. వాడన్నదాంట్లోనూ న్యాయం ఉంది. ఏడాదంతా పిల్లలు ఎదురుచూసేది బస్సు కోసమే. సరే, గుంపులో పండుగ చూసి, అక్కణ్ణుంచి బస్సులో కిన్నెరసాని పోయి జింకలను చూసి వద్దామన్నాను. అందరూ ఒప్పుకున్నారు.

బడి నుంచి గుంపుకు పిల్లల అడుగులతో నడిచినా గంట పట్టదు. అది మీరు గుర్తుంచుకోవాలి. బస్సు పెట్టాం కనుక అనుమతి కావాలి. అనుమతికి తేదీ కావాలి.

దినం కుదిర్చే పెద్దమనిషి

కన్నమ్మ చదువు సంగతి ఇక్కడే చెప్పాలి. మా బడి ఐదో తరగతితో అయిపోతుంది. ఆరుకు పోవాలంటే ఆ పిల్ల దూరంగా బాలికల ఆశ్రమ పాఠశాలలో చేరి అక్కడే ఉండాలి. తండ్రి లేడు. మేనమామలు వద్దన్నారు. తల్లి వాళ్ళ మాట కాదనలేదు. పంపాలని పట్టుబట్టింది తాత ఒక్కడే. ఆ తాతే గుంపులో పండుగలకు దినం కుదిర్చే పెద్ద. బయట ఆయన మాట నిలిచినట్టే ఇంట్లోనూ నిలిచేది. అందుకే కన్నమ్మ చదువు గురించి నాకు దిగులుండేది కాదు.

తేదీ కోసం నేను ఆయన దగ్గరికి పోయాను. గడ్డి పరుచుకుని వెదురు చీలుస్తున్నాడు.

"చిక్కుడు కొత్త ఏ రోజు తాతా?"

"పండాలె గద."

"పండినంక?"

"పెద్దలం కూసుంటం. కూసున్ననాడు చెప్తం."

"ఎప్పుడు కూసుంటరు?"

"పండినంక."

పక్కనే నిలబడ్డ కన్నమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నేను తేదీలతో బతికే మనిషిని. చిన్నప్పటి నుంచీ రోజూ డైరీ రాస్తాను. జరిగినవి పెన్నుతో, జరగవలసినవి పెన్సిల్‌తో. పెన్సిల్ రాత లేని వారం చూస్తే నాకు తోచదు.

"ఆఫీసుల రాసియ్యాలె తాతా. తేదీ లేకుంటే బస్సుకు అనుమతి రాదు."

"ఆఫీసోళ్ళకు మా చిక్కుడుతోని ఏం పని?"

పిల్లలు వస్తే వాళ్ళకు పండుగ విలువ తెలుస్తుందని, ఎగతాళి పోతుందని చెప్పాను. ఆయన మనవరాలి వైపు చూశాడు. వాళ్ళిద్దరూ కోయలో ఏదో అనుకున్నారు. తేదీ మాత్రం ఆ రోజు చెప్పలేదు.

కొన్నాళ్ళకు కన్నమ్మ బడికి వస్తూనే నా కుర్చీ దగ్గర నిలబడింది. "శుక్రారం అని రాస్కోమన్నడు సార్, మా తాత. వచ్చేది కాదు, దాని మీది శుక్రారం." ఆమె గొంతులో ఏదో గెలిచిన సంతోషం ఉంది. "ఇంక చేన్ల కొన్ని పండలేదని మా ఓళ్ళు ఒద్దన్నరు. బడి పిల్లలొస్తున్నరు, నేను చెప్తున్న అన్నడు మా తాత."

నేను సంతోషంగా డైరీ తెరిచి పెన్సిల్‌తో శుక్రవారం అని రాసుకున్నాను. ఒక ఊరు ఎన్నో తరాలుగా కాయను చూసి కుదుర్చుకునే రోజును మా కాగితం కోసం ముందుకు జరిపిందని నాకు అప్పుడు తట్టలేదు.

దిక్కు ఒక్కటే మారింది

ఆ తేదీకి బస్సు అనుమతి ఇచ్చిన మా మండల విద్యాధికారి చెడ్డవాడు కాదు. ఆయన గురించి చెడుగా రాయడానికి నేను కూర్చోలేదు. టీచర్ల సెలవులు తొక్కిపట్టేవాడు కాదు. ఏ బడిలో పైకప్పు కారుతోందో ఆయనకు నోటికి వచ్చు. కానీ పైనుంచి ఫోన్ వస్తే ఆయనకు ఇంకేదీ వినపడేది కాదు.

గురువారం మధ్యాహ్నం నన్ను పిలిచాడు. మర్నాడు నేలకొండపల్లికి పెద్దవాళ్ళు ఎవరో వస్తున్నారట. యాత్రకు బస్సు ఉన్న బళ్ళన్నీ పిల్లలను అక్కడికే తేవాలట.

"సార్, మా పిల్లలు గుంపుల పండగకు పోవాలె. వాళ్ళు మాకోసమే దినం పెట్టిండ్రు" అన్నాను.

"దానియేలూ, వారసత్వం అంటే ఏదో ఒక కట్టడం కనపడాలె గదనయ్యా ఫొటోల. చిక్కుడుకాయ ఏం కనపడ్తది?"

"మమ్మల్ని ఒక్కళ్ళను వదిలిపెట్టండి సార్."

"తేదీ అదే, బస్సు అదే. దిక్కు ఒక్కటే మారింది. నీకేం నష్టం?"

"వాళ్ళకు నష్టం సార్."

"ఇంకో రోజు చేసుకోమను. పండగలు వాళ్ళ చేతులనే ఉంటయి గద."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. ఎందుకంటే, కాస్త మర్యాదగా, నేనూ గుంపుకు పోయి అడిగింది అదే.

గుంపు పిల్లలు ఆ రోజు పండుగ పనులకని బడికి రాలేదు. గుంపులో ఫోన్ అందదు, నేను ఆఫీసు నుంచి తిరిగొచ్చేసరికి వాగు దాటలేనంత చీకటి పడింది. మర్నాడు పొద్దున్నే తరగతిని సుజాత టీచర్‌తో నేలకొండపల్లి పంపించాను. ఎక్కుతూ ప్రవీణ్ అడిగాడు. "కన్నమ్మకు కోపం రాదా సార్?" ఆ పిల్లవాడు ఆ పక్షం రోజుల్లో చిక్కుడు గురించి ఒక్క వెటకారం కూడా ఆడలేదు. పండుగ చూడాలని వాడికి నిజంగానే ఉండింది. "నేను పోయి చెప్తా" అని నేను బండి తీశాను.

ఒక్కణ్ణే పోయాను

గుంపు దారి మొదట్లోనే కన్నమ్మ నిలబడి ఉంది. నూనె రాసి రెండు జడలు బిగించి కట్టుకుంది. నన్ను చూసి నవ్వింది, నా వెనక్కి చూసింది.

"బస్సు ఎనక వస్తాందా సార్?"

చెప్పాను. నా బండి వెంట నడిచి వచ్చింది.

ఊడ్చి అలికిన చోట ఆకులు పరిచి ఉన్నాయి. మా తరగతి పిల్లల కోసం వేరే వరుసగా, నీడ ఉన్నవైపు వేశారు. గుంపు పిల్లలు వాటిని చూస్తూ దూరంగా కూర్చున్నారు. తాత దగ్గరికి పోయి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన నా మాట పూర్తిగా విని, "కొంచెం సేపు సూద్దాం" అన్నాడు.

"రారు తాతా. నేలకొండపల్లి పోయిండ్రు."

"అవ్, చెప్పినవ్ గద. కొంచెం సేపు సూద్దాం."

ఎవరి కోసమో కాదు, తన మాట కోసం కూర్చున్నాడని నాకు అర్థమైంది. నీడ జరిగి ఆ వరుస మీద ఎండ పడింది. చిన్నపిల్లలు ఆకలికి ఏడుపు మొదలుపెట్టారు. ఒక ముసలాయన లేచి కోయలో గట్టిగా ఒక మాట అన్నాడు. తాత తల వంచుకున్నాడు. నేను కన్నమ్మ వైపు చూశాను. అప్పటిదాకా ప్రతి మాటా నాకు తెలుగులో చెబుతున్న పిల్ల ఆ మాట మాత్రం చెప్పలేదు.

తర్వాత పండుగ చేశారు. నాకూ ఆకులో పెట్టారు. చిక్కుళ్ళు లేతగా, ఇంకా గింజ పట్టకుండా ఉన్నాయి.

మాట నడవలేదు

వేసవికి ముందు గుంపులో మేకలకు రోగం తగిలింది. పశువుల డాక్టర్‌ను నేనే తీసుకుపోయాను. మందు పనిచేసింది, కానీ అప్పటికే కొన్ని పోయాయి. పండుకముందే కొత్త చేసినందుకే అన్నారు గుంపులో. బడి కోసం దినం జరిపిండని తాతను అన్నారు. ఆ తర్వాత ఏ పండుగకూ ఆయన్ను దినం అడగలేదని విన్నాను.

బడి తెరిచే ముందు కన్నమ్మ కాగితాలన్నీ సిద్ధం చేసుకుని పోయాను. పెద్ద మేనమామ వాకిట్లోనే ఎదురొచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. "బడి మాట ఇని ఒకపాలి అయింది చాలు సార్. పిల్ల ఇంట్లనే ఉంటది."

తాత లోపల పడుకుని ఉన్నాడు. ఆయన పక్కన కూర్చుని, మీరు చెబితే వింటారన్నాను.

"నా మాట నడుస్తలేదు సార్" అన్నాడు.

ఆ మాట అన్న మనిషిని ఇంకా బతిమాలడం హింస. అయినా ఆ ఎండల్లోనే మళ్ళీ ఒకసారి పోయాను. కన్నమ్మ చేనికి పోయిందన్నారు.

మరుసటి ఏడు చిక్కుడు కాలానికి పిల్లలను నడిపించుకుని పోదామని అనుకున్నాను. బస్సు లేదు, అనుమతి అక్కర్లేదు, గంట దూరం. కానీ గుంపు నుంచి పిలుపు రాలేదు. ఏ రోజు చేసుకున్నారో కూడా మాకు తెలియనివ్వలేదు. ఒక మధ్యాహ్నం గుంపు పిల్లలు కూరలో కాయలు తింటుంటే చూసి, ఓహో అయిపోయిందన్నమాట అనుకున్నాను. తర్వాత నాకు బదిలీ అయింది.

మీకు చెప్పేది

అధికారిని ఎదిరించలేదని నేను బాధపడను. ఎదిరించినా బస్సు నేలకొండపల్లికే పోయేది, డ్రైవరుకు ఆయన మాటే మాట. స్తూపం చూడడం పిల్లలకు నష్టమూ కాదు. నేను గుంపులో కూర్చుని తేదీ అడిగిన రోజు మాత్రం నన్ను వదలదు. మనం సంస్కృతి చూపిస్తామని బయలుదేరి, ముందుగా దాన్ని మన కాగితంలో పట్టేట్టు కుదించమంటాం. మనమీది గౌరవంతో వాళ్ళు కుదిస్తారు. దాని ధర మనం కట్టం. మన తరఫున మాట ఇచ్చిన మనిషి కడతాడు. మా విషయంలో తాత కట్టాడు, ఆయన వెనక కన్నమ్మ కట్టింది.

అందుకని, స్తూపానికీ కోటకూ తేదీ పెట్టుకుని బస్సులో పోండి. అవి ఎక్కడికీ పోవు. మనుషుల పండుగకు పోవాలంటే మాత్రం వాళ్ళు పిలిచిన రోజు పాఠం ఆపేసి నడిచిపోండి. ఆ రోజు హాజరు పట్టీలో ఏం రాయాలని నన్ను అడగకండి. అది మీరే తేల్చుకోండి.

పిల్ల రానీ

పోయిన చలికాలంలో నాకు తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"సార్, నేను కన్నమ్మను. రేపు చిక్కుడు కొత్త. నడవగలుగుతావా?"

ఇన్నేళ్ళకు గుంపులో ఫోన్ అందుతోంది. నా నంబరు ప్రవీణ్ ఇచ్చాడట. వాడు ఇప్పుడు ఆ బడి ఉన్న ఊళ్ళోనే ఎరువుల దుకాణం నడుపుతున్నాడు.

మర్నాడు, నేనిప్పుడుంటున్న ఖమ్మం నుంచి బస్సులో పోయి, ఆటో కిరాయికి మాట్లాడుకుని గుంపు చేరాను. తాత పోయి చాలా కాలమైంది. ఇప్పుడు దినం కుదిర్చేది ఆ మేనమామే. నన్ను చూసి లేచి నిలబడి, కుర్చీ తెప్పించాడు. పాత సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. చిక్కుళ్ళు బాగా గింజ పట్టాయి. పూజ అయింది, ఆకులు పరిచారు. కన్నమ్మ నాకు వడ్డించి, పక్కన ఇంకో ఆకు వేసి అందులోనూ వడ్డించి, పైన మరో ఆకు కప్పింది.

"ఎవరికమ్మా?"

"మా బిడ్డకు సార్. నాలుగో తరగతి. వ్యాన్‌ల పోతది ఇంగ్లీషు బడికి. ఇయ్యాల ట్రిప్పుకు తీస్కపోయిండ్రు, భద్రాచలం." కప్పిన ఆకు అంచు సర్దుతూ అంది. "మా దినం మొన్ననే కుదిరింది. ఆళ్ళ తేదీ నెల ముందే కాయితంల వచ్చింది. నేనేమంట?"

నేను ఆ కప్పిన ఆకు వైపు చూశాను.

"ఆడ మధ్యాన్నం ఏం కూర పెట్టిండ్రో" అంది. "చిక్కుడైతే తినకు అని చెప్పిన. నవ్వుతరమ్మా అన్నది."

అందరూ తినడం మొదలుపెట్టారు. నా ఆకులో అన్నం చల్లారుతోంది. కన్నమ్మ ఇంకెవరికో వడ్డించి వస్తూ చూసింది.

"తిను సార్. చల్లగైతాంది. వ్యాన్ వచ్చేటాలకు పొద్దుగూకుతది."

ఆనాడు మా తరగతి కోసం పరిచిన వరుస మీదికి జరిగిన ఎండ నాకు కనిపిస్తూనే ఉంది. ఆకును కొంచెం నీడలోకి జరుపుకున్నాను.

"పిల్ల రానీ" అన్నాను.

ఆమె లోపలికి పోయి, మరో ఆకు తెచ్చి నా అన్నం మీద కప్పి, నా పక్కనే కూర్చుంది.